తొంభై మీద నిలిచిన ముల్లు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాసేది. మేమంతా బాగున్నాం, చేపలే బాగాలేవు. గ్యాసు పొయ్యిల షాపులో పనిచేసేవాడివి, ఇక నువ్వే దిక్కు. చేపలకు పొగపెట్టే మా పెట్టెలో మంట మాట వినడంలేదురా. మీట కాస్త పెంచితే భగ్గుమని చేప బొగ్గవుతుంది. కాస్త తగ్గిస్తే ఆరి ఊరుకుంటుంది. నేను తగ్గిస్తే మీ బావ పెంచుతారు, ఆయన పెంచితే నేను తగ్గిస్తాను. రోజూ ఇదే రభస. నెలాఖరుకి పెద్ద హోటలాయన రుచి చూడ్డానికి వస్తున్నాడు. నచ్చితే రోజూ మా దగ్గరే కొంటాడు. నచ్చలేదా, దుకాణం మూసి ఈ పెట్టెను పాత ఇనుముకి వేయాల్సిందే.

ఉంటాను,
అక్క

తా.క. నిన్నటి చేప పిల్లికి పెట్టాను. వాసన చూసింది, నా మొహం చూసింది, వెళ్ళిపోయింది.

అక్కయ్యకు నమస్కారాలు, బావగారికి ఇంకో రెండు.

ఆ మీట పెద్ద మంటల కోసం చేసింది, సన్నమంట దాని చేతకాదు. గొట్టం మధ్యలో బిగించే సన్నమీట ఒకటి పంపుతున్నాను. దాన్ని ఒక చుట్టు తిప్పినా మంట గోరంతే మారుతుంది. తలుపుకి బిగించే ధర్మామీటరు కూడా పెట్టాను. మా షాపులో వాడిన పాతదే అయినా మంచిది. మీరు మాత్రం చెయ్యిపెట్టకండి, గ్యాసు మేస్త్రి చేత బిగించండి. అతుకుల దగ్గర సబ్బునురుగు రాసి, బుడగలు రాకపోతేనే ముట్టించండి. మంట నీలంగా ఉండాలి, ధర్మామీటరు ముల్లు తొంభై డిగ్రీల మీద ఉండాలి.

మీ తమ్ముడు

తా.క. మీట ఒక్కరే తిప్పండి. ఆ ఒక్కరెవరో మీరూ మీరూ తేల్చుకోండి, నన్ను లాగొద్దు.

నా బంగారు తమ్ముడికి,

ఏం చెప్పమంటావురా! మేస్త్రి వచ్చి బిగించాడు. నీలం మంట బుల్లిబుల్లి మొగ్గల్లా వరసగా లేచింది. సన్నమీట తిప్పుతుంటే ముల్లు మెల్లగా పాకి పాకి తొంభై మీద ఆగింది. ఆగిందంటే ఆగిందే! మీ బావా నేనూ ముక్కున వేలేసుకున్నాం. తలుపు తీసినా తొంభయ్యే, జోరున వాన కొట్టినా తొంభయ్యే. వీధంతా వచ్చి చూసిపోతున్నారు. చెప్పులు కుట్టే తాత దానికి దండం పెట్టాడు. మీ బావకైతే మీట ముట్టుకోవాలంటేనే భయం, నాకూ అంతే. నా తోడబుట్టినవాడివైనా నువ్వు మహానుభావుడివిరా!

మురిసిపోతూ,
అక్క

తా.క. అసలు వింత మర్చిపోయాను. మంట ఆర్పేసి, భోంచేసి వచ్చి చూసినా తొంభయ్యే! ఇక గ్యాసు కూడా అక్కర్లేదేమో కనుక్కో.

అక్కా,

నీ ఉత్తరం షాపులో అందరికీ గట్టిగా చదివి వినిపించాను. ఇంత నిలకడ తన జన్మలో చూడలేదని మా యజమాని లేచి నా భుజం తట్టాడు. ఆ తర్వాత కాగితం తిప్పి తా.క. చదివాను. కొంప మునిగింది! ఆ ధర్మామీటరు చచ్చిపోయింది. పొగమడ్డి పట్టి ముల్లు బిగుసుకుపోయింది. లోపల వేడి ఎంతుందో ఆ దేవుడికే తెలియాలి. కొత్తది పంపుతున్నాను, హోటలాయన రాకముందే మార్చు.

కంగారుగా,
తమ్ముడు

తా.క. యజమాని తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చేసరికే హోటలాయన వచ్చి వెళ్ళిపోయాడు. మొదట ముల్లు ముందు నిలబడి నోరు తెరిచాడు. తర్వాత చేప నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎంతకీ తెరవడే! చివరికి "ఇంకో ముక్క పెట్టమ్మా" అన్నాడు. రోజూ పంపమన్నాడురా! నాకు ఏడుపొచ్చేసింది.

ఆ మర్నాడు నీ ఉత్తరం చదివి వెంటనే కొత్తది బిగించాం. అది బతికే ఉంది, ఊపిరి తీసుకుంటున్నట్టు కాసేపు పైకి, కాసేపు కిందికి. ఇంకేముంది, మీ బావ పెంచారు, నేను తగ్గించాను, ఆయన అరిచారు, నేను అరిచాను. చేప బొగ్గయింది. అప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సన్నమీటను ఒకసారి తొంభైకి పెట్టాక, చచ్చిన ముల్లును నమ్మి మేం దాని జోలికి పోలేదు. మంట దాని పని అది చేసుకుపోయింది. ఎంత వింత చూడు! అందుకే కొత్తది తీసేసి చచ్చినదాన్నే మళ్ళీ బిగించాం. చేప అద్భుతంగా వస్తోంది. ఇంట్లో అరుపుల్లేవు. నిన్న మీ బావ ఎన్నాళ్ళకో నన్ను పేరుపెట్టి పిలిచారు.

చల్లగా ఉండు,
అక్క

తా.క. మీ షాపులో పాడైన ధర్మామీటర్లు ఇంకేమైనా ఉంటే ఒకటి పంపు. ఎదురు బేకరీ మొగుడూ పెళ్ళాలు అడుగుతున్నారు.