కోట పక్కన ఎర్ర పరుపు

అక్టోబరు 3
ఈసారి ఫొటోలు తియ్యడానికి హెలికాప్టర్ ఎక్కేది నేనేనట. యజమాని కుజుహారా నోటితోనే అన్నాడు. ఆకాశం నుంచి తీసే జపాన్ క్యాలెండర్‌కి ఫ్యూజీ కొండ, టోక్యో టవర్ అయిపోయాయి. మిగిలింది మా హిమేజీ కోట. ఇన్నేళ్లూ హెలికాప్టర్ అద్దాలు తుడిచానే కానీ లోపల కూర్చోలేదు. కెమెరా పని ఎవడూ నేర్పలేదు. నేనే నేర్చుకున్నాను.

అక్టోబరు 6
కోట చుట్టూ ఇంటింటికీ తిరిగాను. రేపోమాపో చప్పుడు చేస్తాం, మన్నించండి అని నడుం వంచడం, మర్యాదకి తలా ఒక తువ్వాలు ఇవ్వడం. ఇన్నేళ్లూ ఎగిరింది వాళ్లు, వంగింది నేను.
కోట పక్కింటి ఒరియే బామ్మ గుమ్మంలోనే పట్టుకుంది. ఏరా మినేతా, నీ తువ్వాళ్లతో నా అల్మరా నిండింది, నువ్వు మాత్రం నేల వదలవేం అంది. ఈసారి ఎక్కేది నేనే అన్నాను. నవ్వు ఆపేసింది. అయితే బాల్కనీలో నా ఎర్ర పరుపు ఎండేస్తా, దాన్ని బట్టి ఇల్లు గుర్తుపట్టు, చెయ్యూపుతా అంది.

అక్టోబరు 8
మబ్బు. ఎగరలేదు.

అక్టోబరు 9, ఉదయం 7
ఎండ! అన్నం దిగడం లేదు.

అదే రోజు, మధ్యాహ్నం
నా బదులు యజమాని మేనల్లుడు తాత్సురో ఎక్కాడు. లెన్సు మూత తియ్యాలని గుర్తుచేసింది నేను. వాడు సరదాపడుతున్నాడు, నువ్వు అర్థం చేసుకుంటావులే అని యజమాని నా భుజం తట్టాడు. నేను సరే అన్నాను. వంగి మరీ అన్నాను. ఈ నడుం విరిగిపోనీ.
బామ్మకి ఫోన్ చెయ్యాల్సింది. ఏమని చెప్పను?

అక్టోబరు 11
వాడు తీసినవాటిలో ఒక్కటే పనికొచ్చింది. తెల్లటి కోట. మూలన ఒక బాల్కనీ, ఎర్ర పరుపు. జూమ్ చేశాను. పరుపు పక్కన చీమంత మనిషి, రెండు చేతులూ పైకెత్తి.
ఆ ఎర్రది కళ్లలో పొడుస్తోంది, చెరిపేసి ప్రింటుకి పంపు అన్నాడు యజమాని. ఎవరో పిచ్చి ముసల్ది, నాకు తెగ చెయ్యూపింది అని తాత్సురో ఇకిలించాడు.
నీకు కాదురా వెధవా. పైకి అనలేదు. ఎప్పుడన్నాను కనుక.

అక్టోబరు 12
చెరపలేదు. అలాగే పంపేశాను.

నవంబరు 2
క్యాలెండర్లు వచ్చాయి. కోట ఫొటో కింద తాత్సురో పేరు. ఎర్ర పరుపు చూసి యజమాని అరిచాడు. ఈసారి వంగలేదు. ఉద్యోగం పోయింది.

నవంబరు 3
బామ్మకి ఒక క్యాలెండర్ పట్టుకెళ్లాను. అద్దాలు పెట్టుకుని పరుపు వెతుక్కుంది. కింద పేరు చదివింది. అది కనబడకుండా బొటనవేలు ఆనించి అలాగే ఉంచింది. తర్వాత అల్మరాలోంచి ఒక తువ్వాలు తీసి నా మీదికి విసిరింది.
ముఖం తుడుచుకో అంది.