చూడకుండా రాసిన నీళ్లు

తాండూరు నివాసి, కీర్తిశేషులు వెంకటయ్య కుమారుడు అనంతయ్య అను నేను, వయసు అరవై తొమ్మిదేళ్లు, కాగ్నా వాగు నీటిమట్టం రాసే కొలువు చేసి రిటైరైనవాణ్ణి, మతి స్థిరంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. మతి అప్పుడు కూడా స్థిరంగానే ఉండేది. నా తప్పుకు ఆ సాకు కూడా లేదు.

1. దీన్ని అమలు చేయవలసినవాడు నా అల్లుడు రాజేందర్, వికారాబాద్‌లో బడిపంతులు. ఒక షరతు. మూడో అంశాన్ని వాగు ఒడ్డు పల్లెకు చెందిన వలీ, ఖాదర్‌బీ దంపతుల ఎదుట పూర్తిగా చదివి వినిపించాకే మిగతావి చెల్లుతాయి. అల్లుడు మెత్తని మనిషి. నా పరువు కాపాడాలని నాలుగు వాక్యాలు మింగేస్తాడేమో. మింగవద్దు నాయనా.

2. తాండూరులోని ఇల్లు, సామాను నా బిడ్డ ఇందిరమ్మకు. వాళ్లమ్మ కస్తూరమ్మ వాడిన ఇత్తడి బిందె కూడా. దాని అంచు సొట్ట నేను కోపంలో చేసిందే. ఆ సంగతి ఈ అంశంలోనే వస్తుంది. నేను ఇంట్లో కూర్చుని రిజిస్టరు నింపుతుంటే ఆమె, "నువ్వు పంచాంగం రాస్తున్నవా, వాగు రాస్తున్నవా?" అని అడిగింది. లేచి బిందెను తన్నాను.

3. వాగు ఒడ్డున అడుగుల గుర్తులు వేసిన రాతికంబం ఉంది. రోజూ పోయి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూసి రాయడం నా పని. పదిహేనేళ్లు పోయాను. మృగశిర కార్తెకు ఇంత, ఆరుద్రకు ఇంత అని ముందే అనుకుని వెళ్తే అంతే ఉండేది. జానెడు కూడా తేడా రాలేదు. దాంతో నాకు పొగరెక్కింది. వెళ్లడం మానేశాను. కార్తె చూసి, ఇంట్లోనే మట్టం వేసేవాణ్ణి.

1972లో వానాకాలం మొత్తానికి మట్టాలు రోహిణి కార్తెలోనే రాసి పెట్టాను. ఆ ఏడు వాగు రాలేదు. ఎర్రనీళ్లు వస్తేనే ఒడ్డు మీద ఒండ్రుమట్టి పేరుకునేది. వలీ, ఖాదర్‌బీల దోసపాదులకు అదే ఎరువు, అదే తిండి. శ్రావణంలో ఖాదర్‌బీ మా గడపలోకి వచ్చి, "అన్నా, జర వచ్చి సూడు. నీళ్లు లేవు, ఒండ్రు రాలే. ఉత్త ఇసుకల గింజ ఏస్తే ఏం మొలుస్తది? వాగు పారలేదని రాయి" అన్నది. రాస్తానని మాట ఇచ్చాను. రాయలేదు. కొట్టివేతలు కనబడితే నా దొంగతనం బయటపడుతుందని భయపడ్డాను. కరువు పల్లెల జాబితా వేసేటప్పుడు పైవాళ్లు నా రిజిస్టరు చూశారు. అందులో వాగు నిండుగా పారుతోంది. వాళ్ల పల్లెకు గడ్డి రాలేదు, గింజ రాలేదు, కరువు పని రాలేదు.

వాళ్లు బర్రెలను అమ్ముకున్నారు. వలీ నాపరాయి గనిలో కూలికి పోయాడు. బండ పడి కాలు పోయింది. ఇప్పుడు తాండూరు స్టేషను బయట ఎవరో పండించిన దోసకాయలు అమ్ముతాడు. నేను కనబడితే మంచికాయ ఏరి చేతిలో పెడతాడు. "నువ్వు మా కోసం రాసినవ్, పైవాళ్లే పట్టించుకోలే" అంటాడు. పదేళ్లకు పైగా ఆ కాయలు తింటున్నాను. వలీ, నేను రాయలేదు. సిగ్గు లేకుండా తిన్నాను. క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు.

4. ధారూర్‌లోని ఇరవై గుంటల చెల్క భూమి, అందులోని బావితో సహా, ఖాదర్‌బీ పేరిట. ఆమె వద్దంటే బతిమాలవద్దు. ఆమె కూతురు షాహజాదిని అడగండి. ఇందిరమ్మా, కోపం వస్తే నా మీద పెట్టుకో, వాళ్ల మీద కాదు.

5. నా గొడుగు నా తర్వాత కొలువుకొచ్చిన వెంకటేశ్వర్‌కు. రోజూ ఎండలో వాగు దాకా పోతున్నాడని తెలిసి ఇన్నాళ్లు అతణ్ణి చూస్తే ఒళ్లు మండేది. మంచి పిల్లవాడు. అతను చెబుతున్నాడు, ఇప్పుడు ముసురు పట్టడమే లేదట. నెలల తరబడి ఏమీ ఉండదు, ఒక్కపూట కుండపోత పోసి, ఉన్న ఒండ్రును కూడా గీక్కుపోతుందట. కార్తెలను నమ్మవద్దని అతనికి చెప్పే అర్హత నాకుంటే చెప్పేవాణ్ణి.

6. పంచాంగాల కట్ట ఎవరికీ వద్దు. నీళ్ల పొయ్యిలో పెట్టండి.

7. ఈ కింది సవరణను రాజేందర్ స్వయంగా నా పాత ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకోవాలి. 1972, కాగ్నా వాగు. మృగశిర: నేను చూడలేదు. ఆరుద్ర: చూడలేదు. పునర్వసు: చూడలేదు. పుష్యమి: చూడలేదు. ఆ తర్వాతి కార్తెలు: చూడలేదు. ఖాదర్‌బీ చూసింది. నీళ్లు లేవన్నది. ఆమె మాటే సరైన మట్టం.

సంతకానికి ముందు ఈ పొద్దున అల్లుడి సైకిల్ వెనక కూర్చుని వాగు దాకా పోయాను. కంబం మీద నా కాలం నాటి రంగు ఇంకా ఉంది. మట్టం: సున్న. చూసి వచ్చి రాశాను.

తాండూరు, 8 జూన్ 1984, శుక్రవారం, మృగశిర కార్తె.

(సంతకం) అనంతయ్య

సాక్షులు:
ఇమాముద్దీన్, నాపరాళ్ల పాలిష్ పని, తాండూరు
ఈరయ్య, రైల్వే కూలీ, తాండూరు