రుమాలు రెండో కొస

కామారెడ్డి, బెల్లం గంజు వెనుక వాడ నుంచి.

ఎల్లారెడ్డిలో ఉన్న మా అక్క రాజవ్వ పాదాలకు మొక్కి, నీ పెద్ద తమ్ముడు లక్ష్మయ్య రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? వాన ముసురు పట్టిన నాడు ఆవనూనె కాచి రాసుకొమ్మన్నాను, రాసుకుంటున్నావా? నల్లావు ఈనిందా? నా గురించి బెంగ పెట్టుకోకు. నిజంగానే బాగున్నాను.

ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్నది మన చిన్నవాడు నర్సింగమే అని నాకు తెలుసు. నేను వచ్చేశాక ఆ ఇంట్లో అక్షరం వచ్చినవాడు వాడొక్కడే. నర్సింగం, ఉన్నది ఉన్నట్టు చదువు. అక్కా, వీడు మధ్యలో దగ్గితే ఏదో మింగేశాడని అర్థం. అక్కడ ఆపి, మళ్లీ చదివించు. చిన్నప్పుడు బాపు ముందు పాఠం అప్పజెప్పేటప్పుడు కూడా రాని చోటల్లా వీడికి దగ్గు వచ్చేది.

నేను అద్దెకున్నది అనసూయవ్వ అనే పెద్దమనిషి ఇంట్లో. నీ ఈడుదే. భర్త పోయి చాలా కాలమైంది. ముందు గది నాకిచ్చి, వెనుక వంటింట్లో తాను ఉంటుంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు ఆమే పెడుతుంది. పులుసులో ఉప్పు తక్కువ, మాటలో కారం ఎక్కువ. తిండికి లోటు లేదు, బెంగ పెట్టుకోకు. తెల్లవారుతుండగా రైలు కూత వినపడుతుంది, ఆ వెనకాలే గంజు అంగడికి వచ్చే బండ్ల చప్పుడు, ఆ తరువాత బెల్లం వాసన. అరమోడ్పు కళ్లతో పడుకొని ఉంటే ఈ ఊరినంతా ఎవరో పెద్ద కడాయిలో పోసి సన్నని సెగ మీద కాస్తున్నట్టు ఉంటుంది. ఆ సగం నిద్రలో నేను ఏ ఊళ్లో ఉన్నానో, నా వయసెంతో తెలియదు. లేచి కూర్చుంటే రెండూ తెలుస్తాయి.

పని వకీలు సాబు దగ్గర మున్షీగిరి. కాగితాలు రాయడం, కోర్టులో ఆయన వెనుక నిలబడి అడిగినది అందించడం. వచ్చిన కొత్తలో నా రాత చూసి మెచ్చుకున్నాడు. ఆ తరువాత నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి, "లక్ష్మయ్యా, నీ రాత చూసి నాకు ముద్దొస్తున్నది గని, నిన్ను చూసి నా దగ్గరికి ఎవడొస్తడు? గా కోటేంది? గా బోడి నెత్తేంది? రేపటి సంది గిట్ల రాకు" అన్నాడు.

ఫార్సీ, ఉర్దూ, మరాఠీ, తెలుగు చదివినవాణ్ణి. కోపం వచ్చింది. కానీ పుస్తకాలలో రాజు వచ్చాడంటే ముందుగా కిరీటాన్నీ కుండలాలనూ వర్ణిస్తారు, ఆ తరువాతే ఆయన నోరు తెరుస్తాడు. ఆ వర్ణనలన్నీ నేను పేజీలు తిప్పేసి దాటినవే. చదవకుండా దాటేసినవే ఈ వయసులో నా మెడకు చుట్టుకున్నాయి.

నల్లటి షేర్వానీ కుట్టించాను. గొంతు దాకా గుండీలు. మొదటి రోజు ఊపిరాడలేదు, ఇప్పుడు అలవాటైంది. కాళ్లకు జోడు కొన్నాను. నడుస్తుంటే నాకంటే ముందు అదే కిర్రుమంటూ పోతుంది. ఇక మిగిలింది తల. మా కచేరీలో ఇంకో మున్షీ ఉన్నాడు, దత్తోబా, మద్నూర్ వాడు, మాటలో మరాఠీ కలుస్తుంది. కుచ్చు వేలాడే ఎర్రటి రూమీ టోపీ, జేబులో నుంచి మెరుస్తూ వేలాడే గడియారం గొలుసు. ఒకసారి టైమెంతైందని అడిగితే గొలుసు నిమురుతూ, "కచేరీ టైమైంది హో" అన్నాడు. ఆ గొలుసు చివర గడియారం లేదక్కా. పెట్టె తాళంచెవి ఉంది. అయినా కక్షిదారులు ముందు వాడి దగ్గరికే పోతారు. నేనూ వాడి టోపీ పెట్టి చూసుకున్నాను. అనసూయవ్వ చూసి, "చెంబు బోర్లించినట్టున్నది, తీసెయ్" అన్నది.

అందుకని పెట్టె అడుగున ఉన్న బాపు రుమాలు తీశాను. అదే, ఆయన తహసీలుకు పోయేటప్పుడు తలపాగాగా చుట్టుకొనేది, కుంకుమ రంగు, జరీ అంచు. రంగు కొద్దిగా వెలిసింది. మడత విప్పగానే పాత ఇంటి గాలి వచ్చింది.

నీకు గుర్తుంది కదా, ఆ రుమాలు ఒక్కరు చుట్టుకోలేరు. అంత పొడుగు గుడ్డ. ఒకరు అవతలి కొస పట్టుకొని వాకిలి చివర నిలబడాలి. ఇద్దరూ కలిసి మెలితిప్పాలి. ఆపైన ఇటువైపు మనిషి చుట్టుకుంటూ ఉంటే అటువైపు మనిషి బిగువు తగ్గకుండా ఒక్కొక్క అడుగు దగ్గరికి రావాలి. నీ మరదలు, నా ఇంటిది సత్తెమ్మ బతికున్నన్నాళ్లూ ఆ కొస ఆమెదే. పొద్దుటి ఎండలో వాకిలి అవతల చిన్నగా కనపడేది. ఒక చుట్టు, ఒక అడుగు. ముఖం పెద్దదవుతూ వచ్చేది. మధ్యలో ఆ కుంకుమ రంగు గుడ్డ, దాని మీద ఎండ. నేనే ఆమెను చుట్టుకుంటున్నట్టు ఉండేది. చివరి చుట్టుకు ఆమె ఊపిరి నా గడ్డానికి తగిలేంత దగ్గర. కొసను తానే చెవి పక్కన దోపి, "ఇగ పో" అనేది. ఇన్ని భాషల్లో చదివాను గానీ, ఆ రెండు మాటలకు సాటి వచ్చేది దొరకలేదు.

ఆమె పోయాక ఏం జరిగిందో నీకు తెలుసు. అయినా నర్సింగం నోటితో వినాలని రాస్తున్నాను. నౌకరి మాట్లాడుకోవడానికి నేను మొదటిసారి బయలుదేరిన పొద్దు, ఇంటి నిండా చుట్టాలు. కొస పట్టుకొమ్మని వీణ్ణి పిలిచాను. పట్టుకున్నాడు. సగం చుట్టాక నవ్వుతూ వదిలేశాడు. "ముసలోనివి, నీకు రుమాలెందుకే అన్న? నిన్నెవరు జూస్తరు? ఊకె ఓ తువ్వాల జుట్టుకో" అన్నాడు. చుట్టాలందరూ నవ్వారు. బాపు రుమాలు వాకిట్లో బురదలో పడింది. అప్పుడు తలుపు చాటు నుంచి నీ చేయి బయటికి వచ్చింది, ఆ గుడ్డను అందుకోవడానికి. నేను చూశాను. వెంటనే వీడు, "అక్కా, నువ్వు ఇవతలికి రాకు, మనిషి బయలెల్లుతున్నడు" అన్నాడు. నీ చేయి లోపలికి పోయింది. బావ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరు బయలుదేరినా నీ చోటు తలుపు చాటే.

తట్టబుట్ట సర్దుకుంటుంటే ఇంకో మాట కూడా అన్నాడు: "పో పో, నెల తిరగకముందే మల్ల నా కడప తొక్కుతవ్."

(దగ్గాడా? మళ్లీ చదివించు.)

కాబట్టి అక్కా, సంగతి అర్థమైంది కదా. ఈ పని పోతే నాకున్న దారి ఎల్లారెడ్డి బస్సే, ఆ ఇంటి కడపే. పోయిన వారం వకీలు సాబు పిలిచి చెప్పాడు. "సోమారం కొత్త మున్సిఫ్ సాబు వస్తడు. ఇద్దరు మున్షీలను నేను సాకలేను. ఆ రోజు ఎవడు సక్కగ కనవడితే వాన్నే లోపటికి తీస్కపోత, వాన్నే ఉంచుకుంట. నీకు రాత ఉన్నది, దత్తోబాకు రూపమున్నది. చూస్కో."

ఇంకెవరిని అడగాలి? రుమాలు కొసను కిటికీ ఊచకు కట్టి సాధన చేశాను. ఊచకు బలముంది గానీ తెలివి లేదు. ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు అడుగు వేయాలో దానికి తెలియదు. చుట్టుకుంటూ నేనే దాని దగ్గరికి పోవాలి. పోయినకొద్దీ గుడ్డ వదులై చెవుల మీదికి జారేది. ఒకసారి గట్టిగా లాగితే ఊచ చౌకట్టులో నుంచి ఊడి వచ్చింది. అనసూయవ్వ వంటింట్లో నుంచి, "గోడ గిట్ల గుంజుతవా, ఇల్లు గిట్ల సుట్టుకుంటవా నెత్తికి?" అని అరిచింది.

సోమవారం పొద్దున షేర్వానీ గుండీలన్నీ పెట్టుకొని వాకిట్లో నిలబడ్డాను. చేతిలో రుమాలు. గంజు వైపు నుంచి బెల్లం వాసన, పైన పలుచని ఎండ, రాత్రి వానకు తడిసిన నేల నుంచి లేస్తున్న ఆవిరి. అంతా నిజం కానట్టుగా ఉంది. అవతలి చివర ఎవరో నిలబడి ఉన్నట్టే అనిపించింది. చేయి చాచి కొస విసిరాను కూడా. అది నేల మీద పడింది.

"ఎవరి మీద ఇసురుతున్నవ్?" వంటింటి తలుపు చాటు నుంచి అనసూయవ్వ అడిగింది.

"అవ్వా, జెర వచ్చి ఈ కొస పట్టుకో" అన్నాను.

"నేనా? నీకు నెత్తి తిరిగిందా? మొగడు లేనిదాన్ని. నువ్వు బయలెల్లేటప్పుడు నీ ఎదురుంగ వస్తనా? పోయేదాక బయటికి రావద్దనే ఈడ నిలవడ్డ."

"నాకు పెండ్లాం లేదు. నేను ఎవరెదురుగా పోయినా ఎవరూ ఏమీ అనరు గదా."

"నీది వేరే. మొగోనివి."

"పట్టుకోకుంటే నా నౌకరి ఎట్లాగూ పోతది. పట్టుకుంటే పోయేదేముంది? రా అవ్వా."

ఆమె చేతిలోని ఉల్లిగడ్డ లోపల పెట్టింది. తరువాత కొంగు నడుముకు దోపుకుంటూ వచ్చి, కొసను రెండు చేతులా అందుకుంది. "గుంజకు. నేనే వస్త మెల్లగ" అని గదమాయించింది. వాకిలి చివరికి పోయి నిలబడింది.

ఒక చుట్టు, ఒక అడుగు. కళ్లల్లో ఎండ పడి ముఖం సరిగా కనపడలేదు. సగం దాకా అది సత్తెమ్మే. ఇంకో అడుగు వేసేసరికి నువ్వు. తలుపు చాటున ఆగిపోయిన నీ చేయే ఆ గుడ్డను పట్టుకొని నా వైపు నడిచి వస్తోంది. చివరి చుట్టుకు కళ్లు చికిలించి చూస్తే అనసూయవ్వ, ఉల్లిగడ్డ వాసన. కొసను నా చెవి పక్కన దోపి, ఒక్క అడుగు వెనక్కి వేసి చూసింది.

"మా ఆయన పోయినంక ఎవలు బయలెల్లినా ముంగట నిలవడలే. ఇయ్యాల నిలవడ్డ. నీ నౌకరి పోతే నన్ననకు" అన్నది. 

కోర్టు వరండాలో వకీలు సాబు నన్ను చూసి, దత్తోబాను చూసి, మళ్లీ నన్ను చూశాడు. "లక్ష్మయ్యా, నడువు లోపటికి" అన్నాడు. అంతే. మున్సిఫ్ సాబుకు జలుబు. ఆయన కాగితాల మీద నుంచి తల ఎత్తనే లేదు. నా రుమాలును ఆయన చూడనే లేదక్కా! నాకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. కానీ సాయంత్రం దాకా ఒక్క పొర వదులు కాలేదు. బయటికి రాగానే దత్తోబా, "కాయ్ హో, ఎవరు కట్టిండ్రు? మంచిగ బిగిచ్చిండ్రు" అన్నాడు. కొస పట్టింది భర్త పోయిన పెద్దావిడ అని చెప్పాను. వాడు గొలుసు నిమురుకుంటూ నిలబడిపోయాడు. పని పోయింది కదా, వాడి మీద జాలి కలిగింది. వాడిని నారాయణఖేడ్‌లో ఇంకో వకీలు దగ్గర చేర్పిస్తానని సాబు మాట ఇచ్చాడు. నా పని నిలిచింది. నర్సింగం, నేను తొక్కుతున్నది అనసూయవ్వ కడప. దానికి అద్దె కడుతున్నాను.

ఇక అసలు మాట. అక్కా, నువ్వు ఇక్కడికి రా. ముందు గది ఇద్దరికి సరిపోతుంది. అనసూయవ్వతో మాట్లాడాను. "వస్తే రానీ, పులుసుల ఉప్పు ఎంతెయ్యాల్నో ఆమెనే చెప్తది" అన్నది. నీ ఇత్తడి చెంబు, కంబళి తెచ్చుకో. ఆవనూనె ఇక్కడ దొరుకుతుంది. నర్సింగం, ఇది దగ్గకుండా చదువు: అక్క పెట్టె నువ్వే మోసి బస్సు దగ్గరికి తీసుకపో. ఈసారి బయలుదేరేది ఆమె. ఆమెకు ఎదురుగా నిలబడేది నువ్వు. బస్సు కదిలే దాకా అక్కడే ఉండు. మరదలికీ పిల్లలకూ నా దీవెనలు. నీకు కూడా, వద్దనుకున్నా రాస్తున్నాను.

అక్కా, పెద్దలందరికీ నా దండాలు చెప్పు. నా తల మీద నీ చేయి ఉందనుకొనే పొద్దున లేస్తున్నాను.

కట్టిన రుమాలును ఆ రోజు విప్పలేదు. అట్లాగే తీసి గోడకు కొయ్య మీద పెడుతున్నాను, పొద్దున అట్లాగే తలకు పెట్టుకుంటున్నాను. కానీ ఎంత బిగించినా గుడ్డే కదా, కొద్దికొద్దిగా సడలుతోంది. అది వదులయ్యేలోపు రా.

నీ తమ్ముడు,
లక్ష్మయ్య