గొడుగులమ్మాయి, తుమ్మని గుమాస్తా, ఒక బైపాస్

దేశనూరు,
జూన్ 9

ప్రియమైన నారపన్నకు గాదిలింగప్ప రాసుకునేది,

కవర్లు కావాలని సిరుగుప్ప పోస్టాఫీసుకు పోతే ఆడుండే అమ్మాయి నన్ను పైనుంచి కిందికి చూసి, బీరువా అడుగున ఉండే కట్ట తీసి, దుమ్ము దులిపి ఇచ్చింది. ఫోను చెడిపోయిందిలే. అందుకే రాస్తాండా.

ఇరవై రెండేండ్లు ఒకే లారీలో తిరిగినోళ్ళం. నువ్వు ఎడమ పక్క సీటు, నేను స్టీరింగు. ఎనిమిది నెలలుగా మాట లేదు. నీ మనసులో ఏముండాదో నాకు తెలీదు. నా మనసులో ఉండేది నేనూ రాయను. ముందు మంచి మాట రాస్తా.

నేను జపానోళ్ళ బొమ్మల సినిమాలు చూడబట్టినా. నవ్వొద్దు. అనిమే అంటారంట. మా కొడుకు భీమేష్ కూతురు రంజిత, డిగ్రీ చదివే పిల్ల, అలవాటు చేసింది. చిన్నపిల్లోళ్ళవేలే అనుకోని కూచున్నా, లేయలేకపోయినా.

ఒక ఊరుండాది. ఏడాది పొడుగునా వానే. ఒక అమ్మాయి గొడుగులు రిపేరీ చేసి బతుకుతాది. బళ్ళారి మనుషులం, మనకు గొడుగంటే ఎండకే కదా! ఇరవై నాలుగు భాగాలు, భాగానికొక గొడుగు. ఒక వాన చినుకు గొడుగు కమ్మీ చివర కూచోని, జారాలా వద్దా అని యోచన చేసేది కూడా గీసినారన్నా. అన్నం గిన్నె మూత తీస్తే లేచే ఆవిరి చూసి నాకు ఆకలైంది. నేను నోరు తెరిచి ఆ బొమ్మన్నాన్ని చూస్తాంటే మా ఇంటిది, మీ దేవక్క, నా తట్టు చూసిన చూపు మాత్రం రాయను.

బొమ్మ కింద ఇంగ్లీషు అక్షరాలు పోతాంటాయి. రంజిత వాటిని తెలుగు చేసి నోటుబుక్కులో రాసి ముందే ఇస్తాది. ఆ పిల్లకు తెలుగు మాటే గానీ తెలుగు రాత రాదు, కన్నడ బడి కదా. అందుకని తెలుగు మాట కన్నడ అక్షరాల్లో. జపాను, ఇంగ్లీషు, తెలుగు, కన్నడం, నాలుగూ ఒక చోట కూచుంటే గానీ మా ఇంట్లో గొడుగు తెరుచుకోదు. ఒకటి మాత్రం బాగుండాది. జపాను మాట ఇంట్లో ఎవురికీ తెలీదు. ఆ టీవీ ముందర అందురమూ సమానమే.

పదకొండో భాగంలో ఒక ముసలాయన గొడుగు తెస్తాడు. అది విరగలేదు. ఆ అమ్మాయి తెరిచి, మూసి, తిరిగిచ్చేస్తాది. ఆయన మర్నాడూ తెస్తాడు. ఆ మర్నాడూ తెస్తాడు. మాట్లాడేదానికి మనిషి లేక తెస్తాండాడని మనకు మెల్లగా తెలుస్తాది. ఆ భాగం చూసినాకే నేను కవర్లు కొనేదానికి పోయింది.

ఇంతకూ ఆ బైపాస్ ఎట్లుండాది? ఏ పుస్తకాలు చదువుతాండావో రాయి. రామసుబ్బమ్మ వదినకు నమస్కారం.

నీ స్టీరింగు,
గాదిలింగప్ప


సత్యనారాయణపేట, బళ్ళారి,
జూన్ 21

ప్రియమైన గాదిలింగా,

ప్రియమైన అని రాసి రెండు దినాలు పెన్ను కింద పెట్టేసినాను. కొట్టేయడానికి చెయ్యి రాలేదు. ఉండనీలే.

బైపాస్ ఎట్లుండాదని ఎనిమిది నెలలకు అడిగినావు. సంతోషం. నడుస్తాండాది. ఆ గురువారం రమ్మని నేను పిలిచింది నిన్నొక్కణ్ణే. నువ్వు ఫోనులో అన్న మాట ఇంకా నా దగ్గరే ఉండాది. అదేమిటో నేను చెప్పను. మంచి పుస్తకంలో నేరస్తుడు తనంతట తానే ఒప్పుకోవాల. ఇన్‌స్పెక్టరు నోరు చేసుకున్నాడంటే అది నాసి పుస్తకమని గుర్తు.

పుస్తకాలంటే జ్ఞాపకమొచ్చింది. బ్రూస్‌పేటలో హొన్నూరప్ప అద్దె పుస్తకాల అంగడి ఇంకా ఉండాది, మిద్దె మీద. డాక్టరు నన్ను మెట్లెక్కొద్దన్నాడు. నేను కింద ఆటోలో కూచోని చప్పట్లు కొడితే హొన్నూరప్ప సంచికి తాడు కట్టి పుస్తకాలు దించుతాడు, నేను పాతవి వేసి పంపిస్తాను. దోవన పోయేవాళ్ళు కూరగాయలనుకుంటారు. ఒక పుస్తకంలో ఎవరో పుణ్యాత్ముడు ముప్పైయో పేజీలోనే పెన్సిలుతో "చంపింది వంటమనిషి" అని రాసి పెట్టినాడు. పళ్ళు కొరుక్కుంటా చివరిదాకా చదివితే ఆ కథలో వంటమనిషే లేడు! ఆ రాసినవాణ్ణి పట్టుకోని సన్మానం చేయాలనిపించింది.

ఈ మధ్య చదివినవాటిలో ఒకటి నన్ను పడగొట్టింది. మిరపకాయల గోడౌనులో యజమాని శవం. హంతకునికి భయపడి నాలుగు గంటలు మిరప మూటల సందున నక్కి ఉంటినని గుమాస్తా చెప్తాడు. ఇన్‌స్పెక్టరు ఒక ఆడమనిషి, అనుపమ. ఆమె గుమాస్తాను ఏమీ అడగదు. టీ తెప్పించి ఎదురుగా కూచోబెట్టుకుంటుంది. అంతలో గోడౌను చూసేదానికి పోయిన కానిస్టేబులు బయటికొచ్చి, వాకిట్లో నిలబడి పదిహేను తుమ్ములు తుమ్ముతాడు. ఆమె గుమాస్తా తట్టు చూస్తుంది. ఒక్క తుమ్ము లేదు, కండ్లలో ఎరుపు లేదు. అంతే, కథ తిరిగిపోయింది! రెండు వందల పేజీల పుస్తకాన్ని ఒక లేని తుమ్ము మీద నిలబెట్టినాడయ్యా ఆ రచయిత. ఉన్నదాన్ని ఎవరైనా చూస్తారు. ఉండాల్సింది లేదని చూడటం ఉంది చూడు, అదీ బుద్ధంటే. నడుమ ల్యాబు రిపోర్టు పేరుతో నలభై పేజీలు నిద్రపుచ్చినాడు గానీ, ఆ తుమ్ముకోసం క్షమించినాను.

మనం మిరప లోడు కొట్టిన దినాలు గుర్తుకొచ్చినాయి. తుమ్ముకూ తుమ్ముకూ మధ్య నువ్వు పాట ఎత్తుకునేవాడివి. పాట లేకుండా నువ్వు గేరు మార్చింది నేను చూడలేదు.

నీ బొమ్మల పిల్ల బాగుంది. ఇంకా రాయి. నా కోపం మాత్రం అట్లే ఉందని తెలుసుకో.

ఎడమ పక్క సీటు,
నారప


దేశనూరు,
జులై 5

ప్రియమైన నారపన్నా,

తుమ్మని గుమాస్తా కథ మీ దేవక్కకు చెప్పినా. మిరపకాయలు దంచేటప్పుడంతా నా మొగమే చూస్తాండాది, తుమ్ముతానా లేదా అని.

ఏ మాట అన్నానన్నా నేను? తల పగలగొట్టుకున్నా జ్ఞాపకం రాలే. గురువారం సంగతి అంటావా, అది రాయాలంటే నాకూ శానా ఉండాది. రాయను. నువ్వు పెద్దోడివి.

బైపాస్ నడుస్తాండాదంటే సంతోషం. లోడు లారీలను కూడా ఇడుస్తాండారా, లేక కార్లేనా? టోల్ గేటు పెట్టినారా? మెట్లెక్కొద్దన్నాడంటే మోకాలేనా? ఆముదం కాచి పట్టించు, వదినతో చెప్పు.

ఇప్పుడు ఇంకొకటి చూస్తాండా. కత్తి యుద్ధాలది. ఒక గురువు, ఒక శిష్యుడు, మూడు వందల భాగాలు. ఒకడు కత్తి ఎత్తినాడంటే అది దించేలోపల వాని చిన్నప్పటి సంగతులు, వాళ్ళమ్మ వండిన కూర, వాని తమ్ముడు ఏట్లో పడింది, అంతా చెప్తారు. కత్తి గాలిలోనే ఉంటాది. అచ్చం నీ మాదిరేనన్నా! నువ్వు దోవలో కథ మొదలుపెడితే తుంగభద్ర దాటినాక గదా శవం దొరికేది.

అయితే ఒకటి చెప్పాల. ఆ గురువు శత్రువును గెలిచేదానికి ముందర, ఒక నిముషం పూరా ఊరికే నిలబడతాడు. గడ్డి ఒంగుతాది, వాని చేతి మీద చీమ ఎక్కుతాది, వాడు చీమను చూస్తాడు. అంతే. మన సినిమాల్లో అయితే ఆ నిముషంలో పదిమంది ఎగిరి పడాల. ఇంత నమ్మకం యాడిది ఆ గీసేటోళ్ళకు? చీమను చూపిస్తే చూస్తాడులే, లేచిపోడులే అని మనల్ని నమ్మినారు. నన్ను అంత నమ్మినోళ్ళు తక్కువ. నువ్వొకడివి, లోడు మీద నిద్రపోయేటోడివి.

ఎప్పటికీ నీ స్టీరింగు,
గాదిలింగప్ప


సత్యనారాయణపేట,
జులై 8

ప్రియమైన ముద్దాయికి,

నీ ఉత్తరం టోల్ గేటు దగ్గర ఆగిపోయింది. నేను ఎద పట్టుకోని కిందామీదా అవుతాంటే రామసుబ్బమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి డాక్టరుకు ఫోను కలిపేసింది. నొప్పి కాదే, నవ్వు అని చెప్పేదానికి నాకు ఊపిరి చాలలేదు.

నా గుండెకు టోల్ గేటా, గాదిలింగా?

బైపాస్ ఊరికి కాదురా, నాకు. గుండెకు పోయే నరాలు మూడు మూసుకున్నాయని, ఎద కోసి, కాలిలోంచి నరం తీసి, రక్తానికి పక్కదోవ వేసినారు. పోయిన అక్టోబరులో, గురువారం, పదకొండింటికి లోపలికి తీసుకపోయినారు. ఇంట్లో వాళ్ళకు ధైర్యం చెప్పిందంతా నేనే. నాకు చెప్పేవాళ్ళు లేక, ముందు దినం నీకు ఫోను చేసి, "గురువారం బైపాస్ అంట, భయంగా ఉండాది, నువ్వు రాప్పా" అన్నాను. నువ్వేమన్నావో చెప్పేదా? "శానా సంతోషమన్నా! ఎన్నాళ్ళకు! స్వీటు పంచాల!" అన్నావు. రానూ లేదు. కండ్లు తెరిచినాక వాకిలి తట్టే చూసినాను, రెండు దినాలు.

ఎనిమిది నెలలు ఆ మాట నమిలినాను. ఇప్పుడు స్వీటు, టోలు, ఆముదం, నీ మూడు తప్పులూ ముందర పెట్టుకోని కూచున్నాను. గుండె కోసుకున్నవాణ్ణి టోల్ గురించి అడిగేంత చెడ్డవాడివి కాదు నువ్వు. మోకాలికి ఆముదం రాయమన్నావంటే నీకసలు సంగతే తెలీదు. నేను స్పష్టంగా చెప్పినాను. మరి చెప్పింది యాడికి పోయింది?

అప్పుడు అనుపమ మాదిరి, ఉండాల్సింది ఏది లేదా అని వెతికినాను. నీ రెండు ఉత్తరాలూ మళ్ళీ చదివినాను. ఏడాదంతా కురిసే వాన, దానికి చప్పుడు లేదు. మూడు వందల భాగాల కత్తులు, ఒక్క కత్తీ ఖణేలుమనలేదు. పాట లేకుండా గేరు మార్చనివాడు ఒక్క పాట గురించీ రాయలేదు. పక్కన కూచున్న పిల్ల చెవిలో చెప్పక నోటుబుక్కులో ఎందుకు రాస్తుంది? ఫోను ఎనిమిది నెలలు ఎందుకు చెడిపోతుంది?

నీకు చెవులు వినబడటం లేదు. ఎన్నాళ్ళాయె? నాకెందుకు చెప్పలేదు? హారన్ వినబడని డ్రైవరు అంటారనా? నీ లైసెన్సు ముగిసి ఎన్నేండ్లాయెనో నాకు తెలీదా, అది తీయించింది నేనే కదా, ఇంక ఆ భయమెందుకు?

ఒప్పుకో. శిక్ష తర్వాత చెప్తాను.

ఇప్పటికీ ఎడమ పక్కే,
నారప


దేశనూరు,
జులై 16

ప్రియమైన ఇన్‌స్పెక్టరు నారపన్నకు,

ముద్దాయి ఒప్పుకుంటాండాడు.

మూడేండ్లాయె. మొదట పిచికలు పోయినాయి. ఆమీట మీ దేవక్క గాజుల చప్పుడు. ఆమీట ఫోను. ఒకసారి "ఏంది?" అని అడిగితే మనుషులు చెప్తారు. రెండోసారి అడిగితే మొగం మారుతాది. మూడోసారి "ఏం లేదులే" అంటారు. మిగతా మాటలు తెలీకపోయినా, ఆ "ఏం లేదులే" మాత్రం పెదాల మీద బాగా తెలుస్తాదన్నా. అది చూడలేక, ఎవురేమన్నా "సంతోషమన్నా" అనేది నేర్చుకున్నా. ఊర్లో అందురూ గాదిలింగప్ప శానా మంచోడు అంటాండారు.

నీ ఉత్తరం చదివి ఆ దినం అన్నం తినలే. రంజిత లాక్కోని భీమేష్ చేత చదివించుకుంది. నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో "తాతా, వచ్చే గురువారం బళ్ళారిలో చెవి డాక్టరు. నేను తోడు వస్తా. మాట్లాడొద్దు" అని రాసింది. వస్తాండా. చెవికి మిషను పెడతారంట. గొడుగులమ్మాయి ఊర్లో వాన చప్పుడు ఎట్లుంటాదో వినాల.

అయితే ఇన్‌స్పెక్టరు ఒక చోట ఓడిపోయినాడు. నేను రాలేదని రాసినావు. నేను వచ్చినా.

ఫోనులో నాకు చిక్కినవి మూడే మాటలు. గురువారం, బైపాస్, రా. లారీ నడిపినోనికి బైపాస్ అంటే ఇంకేముంటాదన్నా? ఊరు మధ్యలో గంటలు గంటలు ఇరుక్కోని తిట్టుకునేటోళ్ళం కదా, దోవ తెరుస్తాండారు, అది చూసేదానికి నారపన్న నన్ను పిలిచినాడు అనుకున్నా. మీ దేవక్క తెల్లారే లేచి డబ్బా నిండా కజ్జికాయలు చేసింది. బస్సు దిగి మీ ఇంటికి పోతే బీగం. పక్కింటి ఉచ్చెంగమ్మ గోడ మీద నుంచి ఏందో చెప్పింది, చెయ్యి ఆ తట్టు చూపించింది. రెండోసారి అడిగేదానికి సిగ్గయింది. "సంతోషమమ్మా" అని నవ్వి వచ్చేసినా. ఇప్పుడు తెలుస్తాండాది ఆమె చూపించింది ఆసుపత్రి తట్టని. ఆ చెయ్యి చూసి కూడా నేను వెనక్కి తిరిగినా. దానికి నువ్వేం శిక్ష వేసినా తక్కువే.

బైపాస్ తెరిచేది ఆడే అనుకోని సిరుగుప్ప రోడ్డుకు వచ్చి ఎండలో నిలబడినా. రిబ్బను లేదు, షామియానా లేదు. రమ్మని పిలిచి నన్ను ఎగతాళి చేసినాడే అని నాకూ కోపమొచ్చింది. ఎనిమిది నెలల నా కోపం అదన్నా. ఇద్దరమూ ఒకే గురువారాన్ని నములుతాండాము.

కజ్జికాయలు తిరిగి మోసుకపోతే మీ దేవక్క ఊరుకోదు. రోడ్డు పక్క ఆటోస్టాండులో ఆరుగురుంటే డబ్బా తెరిచి, "తినండప్పా, ఈ పొద్దు మా నారపన్న బైపాస్" అన్నా. వాళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. కజ్జికాయ చేతిలో పట్టుకోని ఎవురూ కొరకలే. అందులో పెద్దాయన ఒకడు లేచి, ఎద మీద ఒక చెయ్యి పెట్టుకోని, ఇంకొక చెయ్యి నా భుజం మీద ఏసి, ఆకాశం తట్టు చూసి ఏందో అన్నాడు. మిగిలినోళ్ళు కండ్లు మూసుకున్నారు. ఆమీటనే తిన్నారు. అప్పుడు టైము పదకొండు దాటింటాది. ఒక కజ్జికాయకు ఇంత భక్తి ఏందప్పా అని బస్సులో ఊరిదాకా నవ్వుకుంటా పోయినా.

నీ గుండె సంగతని వాళ్ళకు సరిగ్గా అర్థమయిందన్నా. అర్థం కానిది నాకే.

ఆయన ఏమన్నాడో నాకు వినబడలే. వినబడాల్సిన చోటికి వినబడిందిలే.

గురువారం బీగం వేయొద్దు. కజ్జికాయలు తెస్తాండా.

నీ చెవిటి స్టీరింగు,
గాదిలింగప్ప