తాళం లేని డైరీ

ఏమండీ, భోజనం మూతపెట్టి ఉంచాను. ఏది మంచిదో చూడమన్నారుగా, మీరు డైరీ రాసుకోవడానికి కంప్యూటర్‌లో పెట్టుకున్న రెండు సాఫ్ట్‌వేర్లూ చూశాను. రెండోదే ఉంచండి. రాసింది ఇంటర్నెట్‌లోకి పోదు, పాస్‌వర్డ్ కూడా ఉంది. అది మీరే పెట్టుకోండి, నాకు చెప్పొద్దు.

మొదటిదానికి తాళం లేదు. తెరవగానే మీ నిన్నటి పేజీ వచ్చింది. మూసేయాల్సింది, చదివేశాను. తప్పు నాదే.

ఎడమచెవి వినపడటం లేదని నాకెందుకు చెప్పలేదు? తెలిస్తే బస్సు నడపనివ్వరని భయమా? మొన్న మీ చెల్లెలి ముందే "పిలిస్తే పలకరేం, చెవుల్లో సీసం పోసుకున్నారా?" అని అరిచాను. మీరేమో "పాపం, ఎన్నిసార్లు పిలిచిందో" అని రాసుకున్నారు.

సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్దాం. కుట్టుషాపు నుంచి నేరుగా వచ్చేస్తాను.

నా దిండు మీ కుడిపక్కకు మార్చాను.