గొట్టం దగ్గర పెట్టిన చెయ్యి

చిరంజీవి పెద్దోడిని అమ్మ దీవించి రాయించేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, ఒక్క సంగతి తప్ప. అది చివర్న చెబుతాను. రాసేది నీ పెళ్లామే. తన మీద చాడీలు కూడా తన చేత్తోనే రాయాలని ముందే ఒప్పించాను. మాట మింగితే కలం ఆగుతుంది, నాకు వినిపిస్తుంది.

కట్టెలు సరిపోతాయా అని అడిగావు. సరిపోతాయి. పచ్చివి ఇంకా ముట్టుకోనివ్వడం లేదు. పాపకి దగ్గు తగ్గింది. మొన్నటిదాకా పొయ్యి ఉన్న గదిలోనే పడుకోబెట్టాం.

ఇక తగువు. నేను మంట మరీ పెద్దది పెడుతున్నానని నీకు ఫిర్యాదు అందిందట. నా మాటా విను. నీ పెళ్లాం కట్టెలు ఆదా అంటూ పొయ్యికి గాలి తలుపు బిగించేస్తుంది. మంటకి ఊపిరాడదు. ఆ నల్లటి పొగ కప్పు పైకి పోకుండా గొట్టంలోనే చల్లబడి తారులా పేరుకుంటుంది. అది రాజుకుంటే ఇల్లంతా పొయ్యే. చెబితే, "కట్టెలు కొట్టేది నేను కదా అత్తయ్యా" అంటుంది. కొట్టేది తనే, కాదనను.

గొట్టానికి నువ్వు అతికించిన, వేడి ఎంతో చూపించే ముల్లు చూస్తున్నానా అన్నావు. చూడను. ఎర్ర గీత దాటితే ప్రమాదమన్న మాట మరిచిపోలేదు. కానీ జానెడు దూరంలో అరచెయ్యి పెడితే గొట్టం ఎంత కాగిందో చెప్పేదాన్ని, నాకు ముల్లెందుకు?

మొన్న సాయంత్రం చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా కూడా లేదు. ఇంకో దుంగ వేశాను. మళ్లీ చూశాను, అంతే. మరోటి వేసి గాలి తలుపు బార్లా తీశాను. అప్పుడు మొదలైందిరా మోత, వంతెన మీద రైలు పోతున్నట్టు. గొట్టం మలుపు దగ్గర ఇనుము ఎర్రబడింది. నీ పెళ్లాం పరుగున వచ్చి గాలి తలుపు మూసి, పాపని నా చేతుల్లో పెట్టి, "బయటికి నడవండి" అంది. వీధిలోంచి చూస్తే గొట్టం మూతిలోంచి నిప్పురవ్వలు మన కప్పు మీదే రాలుతున్నాయి. పొద్దున పడిన వాన కాపాడింది. ఫైరింజను వచ్చేసరికి మోత అణిగింది.

నా తప్పు దాచి, ముల్లే చెడిపోయిందని నీకు రాయమన్నాను. తను రాయలేదు. ఆ సాయంత్రం వీధిలో పాపని దించుతుంటే నా కుడి అరచేతి తోలు దాని గౌనుకి అంటుకుని వచ్చింది. గొట్టాన్ని తాకినట్టు నాకే తెలియలేదు. వేలికి గుచ్చి చూద్దామని డాక్టరు సూది తీస్తే మొహం తిప్పుకుని, "ఎప్పుడు గుచ్చుతావు నాయనా?" అన్నాను. "గుచ్చేశానమ్మా" అన్నాడు.

గొట్టం తోమించేదాకా పొయ్యి ముట్టించం. ఆ తర్వాత ముల్లు చూసేది తనే, గాలి తలుపు ఎంత తెరవాలో చెప్పేది నేను. అలా రాజీ పడ్డాం. నా భయం పొయ్యి గురించి కాదురా. పాప స్నానానికి నీళ్లు కాచి, చెయ్యి పెట్టి, వేడి సరిపోయింది, ఇక పోయవే అన్నది ఇన్నాళ్లూ నేనే. నా చెయ్యి ఎన్నాళ్ల క్రితం చచ్చిందో నాకు తెలియదు. పాప ఎప్పుడైనా నీళ్లకి ఏడిస్తే, పెంకితనం అని కసిరాను.

ఇక్కడ కలం ఆగింది. రాయవే అంటున్నాను. రాయకుండా, కట్టు కట్టని నా ఎడమ చెయ్యి తన గుప్పిట్లో పెట్టుకుని, "తెలుస్తోందా అత్తయ్యా?" అని అడుగుతోంది.

తెలుస్తోందనే రాయించాను. నువ్వు మాత్రం నమ్మకు, త్వరగా రా.

ఇట్లు, ఎడమ బొటనవేలు ముద్రతో,
మీ అమ్మ