పేరు ఒక్కటే ఖాళీ

అక్కా,

నువ్వు పని చేసిన విరుదునగర్ బాణసంచా పరిశోధనశాలలోనే నాకిప్పుడు ఉద్యోగం. రిపోర్టరు పని మానేసి, కంపెనీ తరఫున పత్రికలకు ప్రకటనలు రాస్తున్నాను. చేరి తొమ్మిది రోజులైంది.

ఈ ఉదయం పాత ఫైల్లో, ప్రమాదాల కోసం ముందే రాసి ఉంచిన ప్రకటన కనిపించింది. మృతురాలి పేరు ఉండాల్సిన చోట చుక్కలున్నాయి. కారణం మాత్రం నింపి ఉంది: కార్మికురాలి అజాగ్రత్త.

ఇక్కడి పేలుడులో నువ్వు పోయిన రోజు కోవిల్‌పట్టిలో మా పత్రికకు వచ్చింది ఈ వాక్యమే. నేను అక్షరం మార్చకుండా వార్తలో పెట్టాను.

మేనేజరు మన తెలుగువాడే. అడిగితే నవ్వాడు. "పేలినాక రాస్తా కూచుంటే టీవీవాళ్లు ఆగుతారా తల్లీ? పేరు మట్టుం ఎక్కిస్తే సరి."

"విచారించకముందే కారణం ఎట్ల తెలిసె అన్నా?"

"అది ఎప్పుడూ అదేలే."

ఇరవై ఏళ్లు ప్రతి ఒక్కరినీ 'మీకెలా తెలుసు?' అని అడిగినదాన్ని, ఆ ఒక్క రోజు అడగలేదు.

సాయంత్రం ఆ కాగితం నకలు తీసుకుని కోవిల్‌పట్టి బస్సెక్కాను. తల్లి తప్పువల్లే చచ్చిందని బళ్లో మాటలు పడుతున్న నీ కూతురు సెల్వి దాన్ని రెండుసార్లు చదివింది.

"అట్లయితే మా అమ్మ తప్పు చేయలేదా చిన్నమ్మా?"

"తెలీదు కన్నా. ఎవరూ విచారించలే. విచారించకుండానే రాసినారు. నేనూ రాసినా."

అది తలెత్తి చూసింది. "పేపర్లో దాని కింద నీ పేరుండాదా?"

ఉందని చెప్పాను.